అరవై అడిగితే డెబ్బై రెండు

వాలెర్‌ను రెండు రొట్టెలు తెమ్మని పంపితే మూడు తెచ్చేవాడు. ఆయన భార్య సావెత పెళ్ళైన కొత్తలో సంతోషించింది, తర్వాత పోట్లాడింది, ఆ తర్వాత ఉపాయంగా ఒకటి తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. అది కనిపెట్టిన రోజు నుంచి ఆయన రెండు ఎక్కువ తెచ్చాడు. వాళ్ళింటి కోళ్ళంత బలిసిన కోళ్ళు మా ఊరు రెగిన్ మొత్తంలో లేవని చెప్పుకునేవాళ్ళు.

పాతికేళ్ళ పాటు ఆయన మా ఊరి ప్రభుత్వ వయొలిన్ ఫ్యాక్టరీలో ఒక విభాగానికి పెద్ద. నెలకు ఇన్ని చెయ్యాలని పైనుంచి ప్లాన్ వచ్చేది. అన్నీ చేసినవాడు మామూలు మనిషి. ఎక్కువ చేసినవాడి ఫొటో గేటు పక్కన బోర్డు ఎక్కేది. వాలెర్ ఫొటో ఒకసారి ఎక్కాక మళ్ళీ దిగలేదు. ఎండకు వెలిసి వెలిసి చివరికి ముఖమంతా పోయి మీసాలు మాత్రం మిగిలాయి.

ప్లాన్ దాటిన విభాగానికి బంగారు అంచు కుట్టిన ఎర్ర మఖమల్ జెండా ఇచ్చేవాళ్ళు. ప్రభుత్వం పడిపోయిన చలికాలంలో అలాంటివన్నీ జనం పొయ్యిలో పెట్టారు. సావెత పెట్టలేదు. గుడ్డ మంచిదని దిండ్లకు తొడుగులు కుట్టింది. తర్వాత మా వర్క్‌షాప్‌లో కుర్చీ మీద కూర్చుంటే "ప్లాన్ దాటిన విభాగం" అన్న బంగారు అక్షరాలు వీపులో గుచ్చుకునేవి.

ఫ్యాక్టరీ మనుషుల్ని తగ్గించినప్పుడు వాలెర్ మమ్మల్ని ఐదుగుర్ని వెంటేసుకుని బయటికొచ్చాడు. ఊరి చివర మూతపడిన పాలకేంద్రం హాలు అద్దెకు తీసుకున్నాం. పిల్లలు నేర్చుకునే చిన్న వయొలిన్లు చెయ్యడం మా పని. పైచెక్క స్ప్రూస్, వెనక చెక్క మేపుల్, రెండూ మా కొండల్లోవే. పిరోష్క వార్నిష్ పూసేది. పెట్టెకు పైచెక్క, వెనక చెక్క అంటించే పని నాది. నేను ఫ్యాక్టరీలో కూడా జిగురు దగ్గరే ఉండేదాన్ని, నా జాకెట్టు ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోయేది కాదు.

చెయ్యడం వచ్చు. అమ్మడం ఎవరికీ రాదు. తొంభైల మధ్యలో మా దేశంలో వయొలిన్ కొనే మనిషే లేడు. జీతం రోజున వాలెర్ సిగ్గుపడుతూ డబ్బు బదులు తలా ఒక వయొలిన్ చేతిలో పెట్టేవాడు. మా సామాన్ల గదిలో ఎండబెట్టిన పందికొవ్వు పక్కన మూడు వయొలిన్లు వేలాడేవి. మా అత్త ఒకటి దించి ఇచ్చి, పక్కింట్లో బంగాళాదుంపలు తెచ్చుకుంది.

పాలకేంద్రం వాళ్ళు చలికాలం వచ్చేదాకా చూస్తామన్నారు. ఆ లోపల మాకు నిలకడగా కొనే మనిషి దొరకాలి. లేకపోతే హాలు పాత టైర్లు అమ్మేవాడికి ఇచ్చేస్తారు. టైర్లవాడు అప్పుడే రెండుసార్లు వచ్చి గోడలు కొలుచుకుని వెళ్ళాడు.

ఆ వసంతంలో బుడాపెస్ట్‌లో వాయిద్యాల సంత జరిగింది. వాలెర్ నాలుగు వయొలిన్లు తీసుకుని సాందు వ్యానులో వెళ్ళాడు. సాందు మా డ్రైవరు, లెక్క ప్రకారం మా అమ్మకాల శాఖ కూడా. భాష కోసం హెర్మీన్ పిన్నిని తీసుకెళ్ళారు. ఆమె మా ఊరి పాత జర్మన్ కుటుంబాల మనిషి. తక్కినవాళ్ళంతా జర్మనీ వెళ్ళిపోయినా ఆమె కదల్లేదు. మందుల షాపు నడిపి రిటైరైంది. అన్నీ తూకం వేసినట్టు మాట్లాడేది.

అక్కడ ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం నుంచి వచ్చిన ఐగ్నర్ అనే ఆవిడ మా వయొలిన్ చేతిలోకి తీసుకుంది. ఆవిడ సంగీతం బళ్ళకు వాయిద్యాలు సరఫరా చేస్తుంది. తిప్పి చూసింది, వాసన చూసింది, ఒక పిల్లతో వాయింపించి చూసింది. సెప్టెంబరులో బళ్ళు తెరిచేనాటికి అరవై కావాలంది. అవి బాగుంటే ఇక ప్రతి నెలా కొంటానంది.

తిరిగొచ్చిన రోజు వాలెర్ హాలు మధ్యలో నిలబడి చెప్పాడు.

"అరవై! ఆస్ట్రియాకి!"

మేం చప్పట్లు కొట్టాం. పిరోష్క ఏడ్చింది. అంతవరకు బాగానే ఉంది.

జులై చివరికి మా పని అనుకున్నట్టే సాగుతోంది. అదే ఆయనకు నచ్చలేదు. ఒక ఉదయం చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరగడం మొదలుపెట్టాడు. ఆ నడక మాకు ఫ్యాక్టరీ రోజుల నుంచి తెలుసు.

"అరవై అడిగింది. అరవై పంపితే అందులో మన గొప్పేముంది?"

హెర్మీన్ పిన్ని ఆ రోజు సరుకు కాగితాలు జర్మన్‌లో రాయడానికి వచ్చి కూర్చుంది. తల ఎత్తకుండానే అంది.

"ఆవిడ గొప్ప అడగలేదు వాలెర్. అరవై అడిగింది."

"పిన్నిగారూ, మీరు మందుల షాపులో పనిచేశారు. అక్కడ ఒక చుక్క ఎక్కువైతే మనిషి పోతాడు. ఇది వయొలిన్. ఎక్కువైతే ఎవరు పోతారు?"

"ఆ మాటే ఆవిణ్ణి అడుగుదాం. ఫోన్ చెయ్యనా?"

"వద్దొద్దు. చెప్పి పంపితే అందులో సరదా ఏముంది? తలుపు తీసేసరికి డెబ్బై రెండు కనపడాలి. అదీ రెండు వారాల ముందు!"

సాందు గుమ్మంలో నిలబడి పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. "బాస్, వ్యానులో అరవైకే చోటుంది," అన్నాడు.

"నీ స్పేర్ టైరు తీసెయ్."

పైచెక్క అంటించాక చుట్టూ బిగింపులు పెట్టి తెల్లారేదాకా వదిలెయ్యాలి. అది జిగురు పని మొదటి పాఠం. మా దగ్గరున్న బిగింపులు కొన్నే. డెబ్బై రెండు కావాలంటే ఉదయం బిగించినవి మధ్యాహ్నం విప్పి, ఇంకోదానికి బిగించాలి. వాలెర్ విప్పమన్నాడు.

"అన్నా, లోపల ఇంకా తడే ఉంది," అన్నాను.

"ఆగస్టు కదా ఫిరూతా. దారిలో అదే ఆరుతుంది."

"ఆరితే మంచిదే."

"నువ్వు ఫ్యాక్టరీలో కూడా ఇలాగే అనేదానివి. మనకు జెండా రాలేదా?"

వచ్చింది, నిజమే. ఆ వయొలిన్లు తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళాయో, ఏమయ్యాయో అప్పట్లో మాకెవరికీ తెలిసేది కాదు. గేటు దాటితే మా సంగతి కాదు.

డెబ్బై రెండూ పూర్తయ్యాయి. సాందు స్పేర్ టైరు మా హాల్లో వదిలేసి బయల్దేరాడు. మూడో రోజు మధ్యాహ్నం హెర్మీన్ పిన్ని ఇంటికి ఫోన్ చేశాడు. మాకందరికీ ఆ ఒక్క ఫోనే దిక్కు. వాలెర్ రిసీవర్ చెవి నుంచి కాస్త దూరంగా పట్టుకున్నాడు, సాందు గొంతు గదంతా వినపడింది.

"బాస్, ఇక్కడెవరూ లేరు!"

"ఎవరూ లేకపోవడమేంటి?"

"గోడౌన్‌కి తాళం. తలుపు మీద ఒక కాగితం అంటించుంది. సూర్యుడి బొమ్మ, గొడుగు బొమ్మ ఉన్నాయి."

హెర్మీన్ పిన్ని నిట్టూర్చింది. "వేసవి సెలవులు. సోమవారం తెరుస్తారేమో."

వాలెర్ ముఖం వెలిగిపోయింది. "చూశారా! వాళ్ళు నిద్ర లేవకముందే మనం వాకిట్లో ఉన్నాం!"

సోమవారం దాకా సాందు ఆ వాకిట్లోనే ఉన్నాడు. ఉల్లిపాయ, పందికొవ్వు నంజుకుంటూ వ్యాను నీడలో పడుకున్నాడు. వ్యానుకు మాత్రం నీడ లేదు. ఎండలో ఇనప డబ్బా, లోపల డెబ్బై రెండు వయొలిన్లు, వాటి జిగురు వేడికి కరిగే రకం. అన్ని వయొలిన్లకూ అదే జిగురు వాడతారు, అందులో తప్పేం లేదు. సరిగ్గా పట్టిన అతుకు అలాంటి ఎండను కూడా ఓర్చుకుంటుంది. మధ్యాహ్నమే బిగింపు విప్పినది ఓర్చుకోదు.

ఐగ్నర్ ఫోన్ చేసినప్పుడు మేమందరం హెర్మీన్ పిన్ని హాల్లో, అల్లిక గుడ్డలు కప్పిన కుర్చీల్లో కదలకుండా కూర్చున్నాం. పిన్ని చాలాసేపు వింది. మధ్యలో "అవును" అనే ముక్క తప్ప ఏమీ అనలేదు. ఫోన్ పెట్టి కళ్ళజోడు తీసింది.

"నలభై ఎనిమిది చాలా బాగున్నాయట. పిల్లలకు ఇంత మంచివి ఈ మధ్య చూడలేదంది."

"చెప్పానా!" అన్నాడు వాలెర్.

"ఇరవై నాలుగు నోళ్ళు తెరిచాయట."

"నోళ్ళేంటి?"

"పైచెక్క ఊడి వచ్చింది. వేలు పెడితే లోపలికి వెళుతోందట. ఇంకో మాట అడిగింది. అరవై అడిగితే డెబ్బై రెండు ఎందుకు పంపారు, మిగతా పన్నెండు ఎవరివి, దారి తప్పి వచ్చాయా అని."

సాందు మా హాల్లో వదిలేసి వెళ్ళిన స్పేర్ టైరు నాకు గుర్తొచ్చింది. టైర్లవాడి సరుకు మా హాల్లోకి అప్పుడే ఒకటి వచ్చేసినట్టుంది.

"వచ్చే గురువారం తనే వస్తుందట," అంది పిన్ని. "వర్క్‌షాప్ చూశాక మనతో కొనసాగాలో లేదో చెప్తానంది."

ఇంకో మనిషైతే కుంగిపోయేవాడు. వాలెర్ నిటారుగా లేచి నిలబడ్డాడు. పైనుంచి మనిషి చూడ్డానికి వస్తున్నాడంటే ఏం చెయ్యాలో ఆయనకు పాతికేళ్ళుగా తెలుసు.

ఆ వారమంతా మేం ఒక్క వయొలిన్ ముట్టుకోలేదు. హాలుకు సున్నం వేశాం. రోడ్డు నుంచి కనపడే వైపు రెండుసార్లు వేశాం. పూలకుండీలు సావెత తెచ్చింది. వడ్రంగి దగ్గర రెండు మిషన్లు అరువు తెచ్చి వరసగా పెట్టాం. వాటికి కరెంటు లేదు, ఐగ్నర్ స్విచ్ వెయ్యదని వాలెర్ ధీమా. అంతా అయ్యాక గుమ్మంలో నిలబడి చూసి పెదవి విరిచాడు.

"హాలు పెద్దది, మనుషులు తక్కువ. ఇంతేనా అనుకుంటుంది."

అప్పుడు మనుషుల్ని కూడా అరువు తెచ్చాడు. సావెత తమ్ముడు గావ్రిల్ కసాయి, తన తెల్లకోటుతోనే వచ్చాడు. పోస్టాఫీసులో స్టాంపులు అమ్మేవాడు, సావెత, ఆమె ఇద్దరు తోటికోడళ్ళు, సాందు మామగారు, ఇంకో ఇద్దరు. అందరికీ కోట్లు తొడిగి, చేతికొక పనిముట్టు ఇచ్చి బల్లల ముందు కూర్చోబెట్టాడు.

ఇది మాకెవరికీ వింతగా తోచలేదు. మంత్రి వచ్చినప్పుడల్లా ఒకే ఆవుల మంద లారీ ఎక్కి మూడు ఊళ్ళ పొలాల్లో కనపడిన దేశం మాది. హెర్మీన్ పిన్ని ఒక్కతే అంది, "వాలెర్, ఆవిడ పార్టీ మనిషి కాదు. కొనే మనిషి."

"పిన్నిగారూ, మనిషెవరైనా కళ్ళు రెండేగా," అన్నాడు ఆయన. తోటికోడళ్ళ వైపు తిరిగాడు. "ఆవిడ దగ్గరికొస్తే కొద్దిగా ఊదండి. చెక్కపొట్టు ఊదుతున్నట్టు."

ఐగ్నర్ చిన్న కారు తనే నడుపుకుంటూ వచ్చింది. పొట్టి మనిషి, పొట్టి నెరిసిన జుట్టు, కాళ్ళకు చెప్పులు. వాలెర్ గుమ్మంలో రొట్టె, ఉప్పు పెట్టిన పళ్ళెంతో నిలబడి స్వాగతం చెప్పాడు. ఉపన్యాసం కాగితం మీద రాసుకున్నాడు. ఆవిడ రొట్టె ముక్క తుంచి ఉప్పులో అద్దుకుని తింది. అది నములుతూనే ఉపన్యాసాన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తోటికోడళ్ళు ఊదడం మొదలుపెట్టారు.

ఆవిడ చేతిలో పళ్ళ డాక్టరు అద్దంలాంటిది ఒకటి ఉంది, కొసన చిన్న లైటు. వయొలిన్ లోపల పెట్టి చూసేది. నా బల్ల దగ్గర ఆగి నేను అంటించిన రెండు పెట్టెలు చూసి తల ఊపింది. పిరోష్క దగ్గర వార్నిష్ వాసన చూసింది. అలా వచ్చి వచ్చి గావ్రిల్ ముందు ఆగింది. గావ్రిల్ చేతిలో వయొలిన్ తలకాయ, అంటే కొసన నత్తలా చుట్టుకుని ఉండే ముక్క. ఇంకో చేత్తో ఉలిని పిడికిట్లో బిగించి, మొన కిందికి పెట్టి పట్టుకున్నాడు.

ఆవిడ ఏదో అడిగింది. హెర్మీన్ పిన్ని చెప్పింది, "ఈ చుట్ట లోపలి మలుపు దగ్గర ఉలి ఎటునుంచి ఎటు తిప్పుతారో చూపించమంటోంది."

గావ్రిల్ వాలెర్ వైపు చూశాడు. వాలెర్ పైకప్పు వైపు చూశాడు.

"ఎముక ఎక్కడుందో చెప్తే తిప్పుతానమ్మా," అన్నాడు గావ్రిల్.

ఐగ్నర్ పిన్ని వైపు తిరిగింది. పిన్ని ఆ మాటను ఉన్నదున్నట్టు జర్మన్‌లో చెప్పింది.

"పిన్నిగారూ!" అన్నాడు వాలెర్.

"అడిగింది, చెప్పాను."

ఐగ్నర్ గావ్రిల్ కోటు వైపు, ఎంత ఉతికినా పోని ఆ గోధుమరంగు మరకల వైపు చూసింది. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాడు. పక్కవాణ్ణి అడిగింది. "స్టాంపులు," అన్నాడు. ఆ పక్కనున్న ఆవిణ్ణి అడిగేలోపల ఆవిడే లేచి నిలబడింది.

"నేను ఇతని పెళ్ళాన్ని," అంది సావెత, వాలెర్‌ను చూపిస్తూ. "పొద్దున్నుంచి ఈ చెక్కముక్క పట్టుకుని కూర్చున్నా. పొయ్యి మీద క్యాబేజీ చుట్టలు మాడిపోతుంటే మీరెప్పుడొస్తారా అని చూస్తున్నా. ఇక వెళ్ళొచ్చా?"

పిన్ని అదీ చెప్పింది. ఐగ్నర్ ముఖంలో ఏదో కదిలింది, కాని నవ్వు కాదు. కుర్చీలో, ఎర్ర దిండుకు ఆనుకుని కూర్చుంది. నిజంగా ఇక్కడ పనిచేసేవాళ్ళు ముందుకు రండి అంది. మేం ఐదుగురం, వాలెర్, అంతే. అంత పెద్ద హాల్లో ఆరుగురం ఎంత తక్కువగా కనపడతామో నాకు అప్పుడు తెలిసింది.

ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది. పిన్ని ముక్క ముక్కగా చెప్పుకొచ్చింది.

"నలభై ఎనిమిది వయొలిన్లు చేసిన చేతులు చూద్దామని అంత దూరం నుంచి వచ్చాను. పెద్ద ఫ్యాక్టరీలు నాకు చాలా తెలుసు. పెద్దది కావాలంటే అక్కడికే పోయేదాన్ని. నాకు ఒకటే తెలియాలి. మీరు ఆరుగురు, ఒక్క అతుకు ఊడకుండా, నెలకు ఎన్ని చెయ్యగలరు? చెప్పిన అంకె మీదే బళ్ళకు మాటిస్తాను. అది తప్పితే ఇక మన మధ్య ఏమీ ఉండదు."

వాలెర్ గొంతు సవరించుకున్నాడు. "యాభై."

పిన్ని నోరు తెరవలేదు.

"చెప్పండి పిన్నిగారూ."

"చెప్పను."

"ఎందుకు చెప్పరు?"

"మా అమ్మ నేర్పిన భాషలో నేను అబద్ధం ఆడను. నీ భాషలో ఎంతైనా చెప్పుకో, నాకు అభ్యంతరం లేదు."

"సరే. నలభై."

పిన్ని కళ్ళజోడు తీసి చేతిరుమాలుతో తుడుచుకోసాగింది.

"ముప్పై ఐదు!"

"ఏంటి బావా ఇది," అన్నాడు గావ్రిల్ వెనక నుంచి, "పశువుల సంతలో బేరంలా దిగుతున్నావు. కొనేవాడు దిగాలి గాని అమ్మేవాడు దిగడం ఇక్కడే చూస్తున్నా."

తోటికోడళ్ళలో ఒకామె కిసుక్కుమంది. వాలెర్ నవ్వలేదు. ఆయన నుదుటి మీద చెమట చూశాను. ఇరవై ఐదేళ్ళు ఆ మనిషి తనకిచ్చిన అంకె కంటే పెద్దదే చెప్పాడు. చిన్నది చెప్పిన పక్క విభాగం పెద్దను ఎక్కడికి పంపారో మా అందరికీ తెలుసు. గనులకు పంపారు. తక్కువ చెప్పడమంటే ఆయన ఒంటికి అదే గుర్తు.

ఆయన గోడ దగ్గరికి నడిచాడు. అక్కడ మేకులకు మా బిగింపులు వరసగా వేలాడుతున్నాయి. చేత్తో ఒక్కోదాన్ని తడుముతూ చివరిదాకా వెళ్ళాడు. మా వైపు తిరగకుండానే అడిగాడు.

"ఫిరూతా, వీటిని తెల్లారేదాకా ఉంచితే?"

"మీకు తెలుసుగా అన్నా."

"నువ్వు చెప్పు."

"ఇరవై. అప్పుడు ఎండలో పెట్టినా, వానలో పెట్టినా నాకు దిగులుండదు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గోడకే చెప్పాడు.

"ఇరవై."

మారుస్తాడేమోనని భయపడి పిన్ని ఆ మాట నోట్లోంచి జారీ జారకముందే జర్మన్‌లో చెప్పేసింది. ఐగ్నర్ కుర్చీలోంచి లేచింది. వాలెర్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఇరవై అంటోంది," అంది పిన్ని. "ఇరవై ఒకటి కాదట. అది రెండుసార్లు చెప్పమంది. ఇరవై ఒకటి కాదు."

"విన్నాను," అన్నాడు వాలెర్.

సావెత అప్పటికే వంటింటి దారిలో ఉంది. ఇక అరువు మనుషులకు కూడా ప్రాణం లేచొచ్చింది. కోట్లు విప్పి బల్లలన్నీ కలిపి ఒకటే పొడుగు బల్ల చేశాం. మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు కొద్దిగా అడుగంటాయి, అయినా బాగున్నాయి. మొక్కజొన్న సంకటి, మీగడ, పుట్టగొడుగులు, రేగుపళ్ళలాంటి నల్ల ప్లమ్ పళ్ళతో కాచిన పాలింకా సారా. ఐగ్నర్ చాలంటే సావెత ఇంకో రెండు చుట్టలు వేసింది. మళ్ళీ చాలంటే ఇంకో రెండు వేసింది. ఆవిడ పిన్నిని ఏదో అడిగింది. పిన్ని సమాధానం చెప్పింది.

"ఏమడిగింది?" అన్నాడు వాలెర్ అనుమానంగా.

"ఈ ఇంట్లో చాలు అనడానికి ఏ మాట వాడాలి అని."

"మీరేం చెప్పారు?"

"అలాంటి మాట ఇంకా పుట్టలేదన్నాను."

గావ్రిల్ కాల్చిన పంది తొడ తెచ్చి బల్ల మీద పెట్టి కత్తి తీశాడు. ఎముక చుట్టూ కత్తి ఎలా తిప్పాలో ఐగ్నర్‌కు చూపించాడు. మణికట్టు తిరగడమే తప్ప చెయ్యి కదిలినట్టే లేదు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని చూసి, ఇతనికి చుట్ట చెక్కడం నేర్పండి అంది. గావ్రిల్ ఆ మాట మా ఊరి ప్రతి సారాకొట్లోనూ చెప్పుకున్నాడు. ఇప్పటికీ చెప్పుకుంటాడు.

నోళ్ళు తెరిచిన ఇరవై నాలుగు సాందు వెళ్ళి తీసుకొచ్చాడు. అన్నీ విప్పి, తుడిచి, మళ్ళీ అంటించాను. తెల్లారేదాకా బిగింపులు ఎవరూ ముట్టుకోలేదు. వాలెర్ మధ్యాహ్నం పూట వాటి పక్కగా నడిచి వెళ్ళేటప్పుడు చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు. అందులో పన్నెండు వెనక్కి పంపాం, అరవై లెక్క తీరింది. మిగిలిన పన్నెండూ ఊళ్ళోనే ఉండిపోయాయి. రెండు సంగీతం బడికి, ఒకటి చర్చి పక్క పిల్లకు, మిగతావి ఎప్పట్లాగే పందికొవ్వు పక్కకు.

అక్టోబరు సరుకు ఇరవై. నెలాఖరుకు ఇంకా వారం ఉండగానే పూర్తయ్యాయి. వాలెర్ బల్లల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. మేం ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టు నటించాం. గుమ్మం దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

"ఇంటికెళ్ళాలి అన్నా," అంది పిరోష్క.

"ఇంటికెళ్ళి?"

"వదిన చెప్తుంది."

సరుకు ఎక్కించే రోజు అందరం బయట నిలబడ్డాం. సాందు పెట్టెలు సర్దాడు. ఇప్పుడు స్పేర్ టైరు కూడా ఉంది. అన్నీ సర్దాక ఒక మూల ఖాళీ మిగిలింది.

"బాస్, ఇక్కడ ఇంకోటి పడుతుంది," అన్నాడు. వాడు కావాలనే అన్నాడని నా అనుమానం.

హాల్లో కొక్కేనికి ఒక వయొలిన్ వేలాడుతోంది. వచ్చే నెలది, వార్నిష్ కూడా ఆరిపోయింది. గుమ్మంలోంచి అందరికీ కనపడుతోంది. వాలెర్ దాని వైపు చూశాడు. మేం ఆయన వైపు చూశాం. హెర్మీన్ పిన్ని చేతిలో కాగితాలతో నిలబడి ఉంది.

వాలెర్ లోపలికి వెళ్ళాడు. కొక్కెం దాటిపోయాడు. కుర్చీ మీది ఎర్ర దిండు తీసుకుని బయటికొచ్చి, వ్యానులో ఆ ఖాళీ మూలలో కుక్కాడు. పెట్టెను చేత్తో కదిపి చూశాడు. కదల్లేదు.

"దారి బాగుండదు. పెట్టెలు ఊగకూడదు," అన్నాడు.

"కాగితంలో దిండు లేదు వాలెర్," అంది పిన్ని.

"అది సరుకు కాదు పిన్నిగారూ. సర్దుబాటు."

తలుపు తనే వేసి, గడియ పెట్టాడు.

ఐదో రోజున పిన్ని ఇంట్లో ఫోన్ మోగింది. పిన్ని విని, రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి మా వైపు తిరిగింది.

"ఇరవై అందాయి. అన్నీ బాగున్నాయి. వచ్చే నెలా ఇరవయ్యే అంటోంది. దిండు మీద బంగారు అక్షరాల్లో ఏం రాసుందో చదవమని అడుగుతోంది."

వాలెర్ సావెత వైపు చూశాడు. సావెత నవ్వు ఆపుకోలేక తలుపు వైపు తిరిగింది.

"ఏం చెప్పను?" అంది పిన్ని.

"ఉన్నదున్నట్టు చెప్పండి," అన్నాడు వాలెర్. తర్వాత గొంతు తగ్గించాడు. "నచ్చితే ఇంకో నాలుగున్నాయని కూడా చెప్పండి."